షోవా పంతొమ్మిదిలో జబ్బు

"ఆ కార్డు తీసెయ్," అన్నాడు ఉచిబోరి.

ఏ కార్డో కియోకి అర్థం కాలేదు. చాప మీద ఆమె ముందు అరవై దాకా కార్డులు పరిచి ఉన్నాయి. ఏటికొక కార్డు. పుట్టిన ఏడు మొదలు మొన్న వచ్చిన బహుమతి దాకా, ఉచిబోరి సెయిజో అనే నవలాకారుడి యాభై ఎనిమిదేళ్ళ బతుకంతా నాలుగు వరసల్లో ఆ చాప మీదే ఉంది. ఆయన సమగ్ర రచనల్లో చివరి సంపుటం ఈ నెలలో అచ్చవుతోంది. దాని వెనక పన్నెండు పేజీల జీవిత పట్టిక రావాలి. పెద్ద రచయితల సంపుటాలకి అది ఉండి తీరాలి, దాన్ని తయారుచేసే చాకిరీ శిష్యులది. పదేళ్ళుగా ఈ ఇంట్లో ఆయన రాతప్రతులు సాపు రాస్తున్న హమనాకా కియోకే ఈ పనీ పడింది. ఎనిమిది నెలలు పాత పత్రికల దుమ్ము మింగి, ఆయన చదివిన పల్లెటూరి బడికి కూడా ఉత్తరం రాసి, ఒక్కో తేదీని నిక్కచ్చిగా పట్టుకొచ్చింది.

"ఏ కార్డండీ?"

"షోవా పదమూడు. అమ్మ పోయిందని రాశావు చూడు, అది."

కియో కార్డు తీసి చదివింది. 'నవంబరు. తల్లి రికు, స్వగృహంలో పక్షవాతంతో మరణం. వయసు అరవై ఏడు.' ఎక్కడా తప్పు కనబడలేదు.

"తేదీ తప్పా గురువుగారూ?"

"తేదీ సంగతి కాదు." ఆయన వరండా అంచున కాళ్ళు వేలాడేసుకుని లొకాట్ పండు తొక్క తీస్తున్నాడు. తొడిమ దగ్గర గోటితో పట్టి, తెగకుండా కిందిదాకా లాగుతున్నాడు. "అమ్మని షోవా ఇరవైకి మార్చు. మార్చి నెల. 'తల్లి, తోక్యో హొంజో బాంబుదాడిలో మరణం' అని రాయి. ఒక్క లైను చాలు. ఇలాంటివి పొట్టిగా ఉంటేనే గుండెకి తగులుతాయి."

కియో పెన్ను కింద పెట్టేసింది.

చక్రవర్తుల ఏలుబడిని బట్టి పెట్టే ఏళ్ళ లెక్కలో షోవా ఇరవై అంటే యుద్ధం ముగిసిన ఏడు. ఆ మార్చిలో హొంజోలో కాలిపోయింది ఈయన తల్లి కాదు, కియో తల్లి. ఆ చావు గురించి కియో నాలుగేళ్ళ కిందట నూట ఇరవై కాగితాలు రాసి, ఇదే వరండాలో ఈయన చేతికిచ్చింది. నెల తిరిగాక మొదటి కాగితం మీద ఎర్రసిరాతో 'ఇంకా పచ్చిగా ఉంది' అని రాసి తిరిగిచ్చాడు. ఆ తర్వాత రెండేళ్ళకి 'కాలవ గట్టు' నవల వచ్చింది. దాన్ని సాపు రాసింది కూడా కియోనే. కాలి గుర్తుపట్టడానికి లేకుండా పోయిన తల్లి వేలికి, సూది గుచ్చుకోకుండా పెట్టుకునే కుట్టుపని ఉంగరం మాత్రం అలాగే ఉండటం, దాన్ని చూసి కొడుకు ఆమెని పోల్చుకోవడం సాపు రాస్తుంటే చేతివేళ్ళు చల్లబడ్డాయి. కొడుకు కాదు, కూతురు. ఆ వేలి నుంచి ఆ ఉంగరం తీసింది ఈ చేతులే. అయినా అప్పుడు నోరు మెదపలేదు. శిష్యుల రాతలు గురువుల పుస్తకాల్లో కలిసిపోవడం ఆ లోకంలో కొత్త కాదు. కథే కదా, పెద్ద చేతిలో పడిందిలే అని తనకి తానే నచ్చజెప్పుకుంది. ఆ నచ్చజెప్పుకోవడం ఇప్పుడు తలుచుకుంటే తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

"అది నవల కదండీ," అంది మెల్లిగా.

"నవలే. నేనెక్కడ కాదన్నాను? కానీ జనం అలా చదవలేదుగా."

ఆ మాట నిజం. నవలలో 'నేను' అని కనబడితే అది రాసినవాడి సొంత గోడే అని నమ్మే జనం ఇక్కడి జనం. రాసేవాళ్ళు అలా అలవాటు చేశారు. పెళ్ళాంతో గొడవపడ్డా, అప్పులపాలైనా, క్షయ వచ్చినా ఉన్నదున్నట్టు నవల రాసి పారేశారు. అందుకే 'కాలవ గట్టు' చదివిన వాళ్ళంతా మంటల్లో పోయింది ఉచిబోరి కన్నతల్లే అనుకున్నారు. మార్చి పదో తేదీ వచ్చేసరికి దేశం నలుమూలల నుంచీ అగరువత్తుల పెట్టెలు వచ్చిపడ్డాయి, మీ అమ్మగారి ఫొటో ముందు వెలిగించండి అని. మొదటి ఏడాది ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు. రెండో ఏడాది ఎన్ని పెట్టెలొచ్చాయని అడిగాడు.

"నీగాతా నుంచి వచ్చిన ముసలాయన గుర్తున్నాడా? ఆ గదిలో కూర్చుని ఎంత ఏడ్చాడు! ఇప్పుడు పక్షవాతం అని అచ్చువేస్తే అతని మొహం ఎలా చూడను? నమ్ముకున్న వాళ్ళని వెర్రివాళ్ళని చేయమంటావా?"

చేసిందెవరు అని నోటిదాకా వచ్చింది. కియో ఆ కార్డు తిరిగి చాప మీద పెట్టింది.

"ఇంకోటి. పద్ధెనిమిది, పంతొమ్మిది ఖాళీగా వదిలావు."

"ఏ పత్రికలోనూ మీ రచన దొరకలేదండి. ఉత్తరాలు కూడా లేవు."

"దొరకవు. మంచాన పడ్డాను కదా. ఊపిరితిత్తులు." ఒలిచిన పండు నోట్లో వేసుకుని గింజలు చేతిలోకి ఉమ్మాడు. "'అనారోగ్యం, విశ్రాంతి' అని వెయ్యి. రెండేళ్ళకీ అదే. అన్నట్టు, చివర 'కూర్పు: హమనాకా కియో' అని వెయ్యమని ప్రచురణ చూస్తున్న నిరసావాకి చెప్పాను. నీ పేరు అచ్చులో పడటం ఇదే మొదటిసారి కదూ?"

ఎంగిలి చేతులు తుండుగుడ్డకి తుడుచుకుంటూ ఆయన నవ్వాడు. ఆ నవ్వులో వాత్సల్యం కూడా ఉంది. కియోకి ఒళ్ళు మండింది అందుకే.

వంటింట్లో ఫుసా చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఉచిబోరి భార్య. ముప్పై మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరేం మాట్లాడినా వింటూ, ఏమీ విననట్టు పని చేసుకునే మనిషి.

"కూర్చో," అంది. "అంతా వినబడింది. కాగితం గోడలేగా. మా అత్తగారు బాంబుదాడిలో పోయిందట కదా?"

కియో గట్టు మీద కూర్చుని ఓ కాయ అందుకుంది. దాని మెడ విరిచి ఈనె లాగింది.

"మూడేళ్ళు కియో," అంది ఫుసా. గొంతు పెంచలేదు. కాయల్ని మాత్రం పటపటా విరుస్తోంది. "మూడేళ్ళు ఆవిడ గుడ్డలు ఉతికాను. మాఘమాసం చలిలో, నూతి దగ్గర. గంజి పోస్తే నా మొహం మీదే ఉమ్మేది. ఈ మహానుభావుడు ఆ గదిలోకి తొంగి చూసింది నాలుగంటే నాలుగుసార్లు. వాసనట! ఇప్పుడు ఆవిడ నిప్పుల్లో పోయిందా? అయితే నేను ఉతికినవి ఎవరి గుడ్డలమ్మా?"

"అమ్మగారూ..."

"అగరువత్తుల పెట్టెలు చూశావుగా, అటక నిండా. తిరుగు టపాలో కృతజ్ఞతలు రాసేది నేనే. 'మా అత్తగారి ఆత్మ శాంతిస్తుంది' అని. ఎక్కువైపోయి దోమలకి కూడా అవే వెలిగిస్తున్నాను. ఆవిడ శాంతించిందో లేదో గానీ దోమలు పోతున్నాయి."

కియోకి నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది. రెండూ ఆపుకుని అడిగింది.

"షోవా పంతొమ్మిదిలో ఆయనకి నిజంగా జబ్బు చేసిందాండీ?"

ఫుసా చేతులు ఆగాయి. "జబ్బా? ఊరంతా చిలగడదుంప ఆకులు ఉడకేసుకు తింటుంటే ఈ ఇంటికి మిలిటరీ బండిలో తెల్లబియ్యం వచ్చేవి. పంచదార కూడా. నేను సిగ్గుతో వీధిలో తలెత్తలేదు." ఒడిలోని తొక్కలు దులిపి లేచింది. "రేపు పొద్దున ఆయన పళ్ళ డాక్టరు దగ్గరికి పోతాడు. పదిన్నరకి రా. అటక మీద ఒక పెట్టె ఉంది. నేను దించలేను, వయసైపోయింది."

మర్నాడు ఇద్దరూ కలిసి ఆ పెట్టె దించారు. లోపల రేకు తాపడం చేసిన పాత తేయాకు పెట్టె. మూత మీద అగరువత్తుల పెట్టెలు దొంతరగా పేర్చి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే పక్కకి తీశారు. పెట్టెలో పాత కిమోనో గుడ్డ, దాని కింద కొన్ని కాగితాలు, అన్నిటికన్నా అడుగున అరచేయంత పుస్తకం. చవక కాగితం, ముప్పై రెండు పేజీలు. అట్ట మీద, బాంబుదాడి వేళ పెట్టుకునే దూది టోపీతో ఆడమనిషి, ఆమె చేతిలో బకెట్టు. 'మన గడపే మన కోట.'

కియో దాన్ని పట్టుకుని చాప మీద చతికిలబడింది.

ఆ పుస్తకం ఆమెకి తెలుసు. షోవా పంతొమ్మిది శరదృతువులో, కవాసాకి ఫ్యాక్టరీ నుంచి రెండురోజుల సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు చూసింది. పేట పెద్ద పది ఇళ్ళవాళ్ళనీ పోగుచేశాడు. గబగబా చదవగలిగింది అమ్మ ఒక్కతే కాబట్టి పుస్తకం ఆమె చేతికిచ్చాడు. గుడ్డ మేజోళ్ళకి అడుగులు కుట్టే మనిషి, ఉంగరం వేలికి ఉండగానే పేజీలు తిప్పుతూ చదివింది. కియో ఇప్పుడు అవే పేజీలు తిప్పింది. 'పారిపోయే కాలు శత్రువు కాలు. ఒక బకెట్టు నీళ్ళు, నిబ్బరమైన ఒక గుండె ఉంటే ఆరని బాంబు లేదు. తల్లులారా, మంట మీ గడప తొక్కినా మీరు గడప దాటకండి.' చదవడం అయ్యాక అమ్మ అంది, "ఎంత బాగా రాశాడే! వింటుంటే భయం పోతుంది." ఎవరు రాశారో ఆమె చెప్పలేదు, కియో అడగలేదు.

చివరి పేజీ తిప్పింది. రచయిత: ఉచిబోరి సెయిజో. మొదటి ముద్రణ, ఇరవై వేల ప్రతులు.

గడప దాటలేదు అమ్మ. గడప లోపల నీళ్ళ తొట్టి పక్కనే దొరికింది, బకెట్టు పిడి పట్టుకుని. కాలవ ఎంత దూరమని? పరిగెత్తితే నాలుగు నిమిషాలు. ఆమెని ఆ నాలుగు నిమిషాలు కదలనివ్వని మనిషి, ఇవాళ ఆమె కొడుకు వేషం కట్టి ఊళ్ళవాళ్ళ అగరువత్తులు పుచ్చుకుంటున్నాడు. కియోకి అరికాలి మంట నెత్తికెక్కింది. పదేళ్ళు ఆ మనిషి వాక్యాలు సాపు రాసింది. వాటిలో అందం చూసి మురిసింది. ఆ అందమే అమ్మకి భయం పోగొట్టింది.

కియో చెప్పిందంతా విని ఫుసా అగరువత్తుల పెట్టెలు తిరిగి దొంతర పెడుతోంది. "నాకు మీ అమ్మ సంగతి తెలీదమ్మా," అంది అటు తిరిగే. "ఈయన రాశాడని మాత్రం తెలుసు. రాసిన రోజున పైకి చదివి వినిపించాడు. నేను బాగుందన్నాను."

ఉచిబోరి పన్నెండింటికి వచ్చాడు. డాక్టరు మందు వేయడంతో ఒక చెంప మొద్దుబారి, పెదవి ఓ పక్కకి జారింది. కియో పుస్తకాన్ని ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇది మీరు రాసిందేనా?"

ఆయన అట్ట వంక చూశాడు, ముట్టుకోలేదు. "ఎక్కడిది?"

"నాకు దొరికింది."

"నేను కాదు," అన్నాడు వెంటనే. జారిన పెదవి వల్ల మాట ముద్దగా వచ్చింది. "ఆ రోజుల్లో సైన్యం ప్రచారశాఖ వాళ్ళు ఎవరి పేరు కావాలంటే వాళ్ళ పేరు తగిలించేవాళ్ళు. అడిగే నాథుడెవడు? నేను మంచంలో ఉన్నాను. లోపలేముందో కూడా చూడలేదు."

"మా అమ్మ చూసిందండి. పది ఇళ్ళవాళ్ళకి చదివి వినిపించింది. అందుకే పారిపోలేదు."

ఉచిబోరి తోటలోకి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. ఆయనకి నీళ్ళు తిరగడం ఎంత సులువో కియోకి ఇన్నాళ్ళకి తెలిసింది.

"పాపం," అన్నాడు. "ఎంత ఘోరం! కానీ కియో, ఆలోచించు. మీ అమ్మ ఎవరికి తెలుసు? తోక్యోలో ఆ ఒక్కరోజే లక్షమంది పోయారు. అంతమందిలో ఆమెకి నాలుగు వందల పేజీల సమాధి కట్టింది నేను. నీ చేత అయ్యేదా?"

"సమాధి మీద పేరుండాలి గురువుగారూ. మా అమ్మ పేరు హమనాకా షిగె. మీ నాలుగు వందల పేజీల్లో ఆ పేరు ఎక్కడా లేదు."

"నోరు లేస్తోందే!" ఆయన మొహం కందగడ్డలా అయింది. "వెళ్ళి పట్టిక సాపు రాసుకురా. నేను చెప్పినట్టు. రేపు సాయంత్రానికి నిరసావాకి అందాలి."

కియో చాప మీది కార్డులన్నీ పోగుచేసి, వరస తప్పకుండా కొసలు తట్టి, గుడ్డలో మూట కట్టింది. పుస్తకం కూడా అందులోనే పెట్టింది.

"కార్డులు ఇక్కడ ఉంచు. అది నా జీవితం."

"కార్డులు నావండి. జీవితం మీదేగా, మీకు గుర్తుండే ఉంటుంది. మీరే చెప్పుకోండి," అంది. పదేళ్ళలో ఆయన మాటకి ఎదురు చెప్పడం అదే మొదలు. వాకిట్లో చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు.

గురువారం మధ్యాహ్నం కియో అద్దెకుంటున్న ఇంటావిడ పేపరు పట్టుకుని మేడ మీదికి పరిగెత్తుకొచ్చింది.

"హమనాకా గారూ, మీ పేరు! ఇదిగో, ఇంత పెద్ద ప్రకటనలో! ఇక మీరూ పెద్దవాళ్ళైపోయారన్నమాట. మమ్మల్ని మర్చిపోకండేం!"

'ఉచిబోరి సెయిజో సమగ్ర రచనలు, చివరి సంపుటం. సమగ్ర జీవిత పట్టికతో. కూర్పు: హమనాకా కియో.' ముప్పై మూడేళ్ళ వయసులో తన పేరు తొలిసారి అచ్చులో చూసుకుంది కియో. ఒకప్పుడు దీనికోసం ఏమైనా ఇచ్చేది. ఇప్పుడు ఆ పేరు ముద్ర కింద అమ్మ చావుని ఆయనకి రాసి ఇస్తున్నారు. సొంత కూతురే సాక్షి సంతకం పెట్టినట్టు. కోపం కనబడకుండా ఆమె ఇంటావిడకి వంగి నమస్కారం పెట్టింది. ఇంటావిడ దాన్ని వినయం అనుకుంది.

సాయంత్రం నిరసావా దగ్గర్నుంచి టెలిగ్రాం. రేపు పదింటికి ప్రెస్సుకి రండి, ప్రూఫు చదవడానికి మనిషి లేరు.

ప్రెస్సులో మేడ మీద గది. ఆఖరి రోజుల్లో ప్రచురణకర్తలు అక్కడే మకాం వేసి ప్రూఫులు దిద్దుతారు. కింద యంత్రాలు తిరుగుతుంటే బల్లల మీద టీ కప్పులు వణుకుతాయి. కియో వెళ్ళేసరికి పక్క బల్ల దగ్గర ఏదో పత్రిక వాళ్ళు ఇద్దరు చొక్కాచేతులు మడిచి పని చేసుకుంటున్నారు. నిరసావా ఎర్రపెన్సిలు చెక్కుతున్నాడు. ఇరవై ఏళ్ళు అదే పని చేసి కళ్ళకింద నల్లచారలు పడ్డ మనిషి. కిటికీ దగ్గర ఉచిబోరి. ప్రకటన కోసం ఫొటో తీస్తామంటే పట్టు అంగీ వేసుకుని వచ్చాడు. ఫొటో అయిపోయింది, కారు వచ్చేలోగా ఎవరో తెచ్చిన కేకు తింటున్నాడు. కియోని చూసి ఏమీ జరగనట్టు తలూపాడు.

కియో నేరుగా నిరసావా దగ్గరికి వెళ్ళి పుస్తకాన్ని ఆయన ముందు పెట్టింది. గొంతు తగ్గించి రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఇలా ఇరవై మూడుమంది రచయితల సంపుటాలు తెచ్చానమ్మా," అన్నాడు అంతే మెల్లిగా. "పద్ధెనిమిది, పంతొమ్మిదిలో అందరికీ జబ్బే. మన సాహిత్యలోకం మొత్తం రెండేళ్ళు మంచం దిగలేదు. ఏం రోగమో మరి."

"నవ్వొస్తోందా మీకు?"

"లేదు. నేనూ అప్పుడు అచ్చువేసిన వాడినే." పెన్సిలు మొన మీద ఊదాడు. "పుస్తకం మీద పేరుంటే సరిపోదు. తన పేరు వాడుకున్నారని ఆయన నిన్న ఫోనులో చెప్పాడు. అలా వాడుకున్న మాట కూడా నిజమే. ఆయన తన నోటితో ఒప్పుకుంటే తప్ప నేను ఒక్క అక్షరం కదపలేను. ఒప్పుకుంటే మాత్రం ఆపను. ఆ మాట ఇస్తాను."

"అయితే నా పేరు తీసేయండి."

"ప్రకటన వెళ్ళిపోయింది. రండి, చదవండి. ఒంటిగంటకి ఈ పేజీల ఫారం యంత్రం మీదికి ఎక్కాలి."

ఒకరు మూలప్రతి పైకి చదవాలి, రెండోవాళ్ళు ప్రూఫు మీద వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. కామాలు, పుల్‌స్టాపులతో సహా, ఏ భావమూ లేని గొంతుతో చదవాలి. భావం పెడితే తప్పులు దాక్కుంటాయి. ఉచిబోరి ఫోనులో చెప్పింది నిరసావా రాసుకున్న కాగితాలే మూలప్రతి. కియో వాటిని అందుకుని మొదలుపెట్టింది.

"మెయిజీ ముప్పై ఒకటి, కామా, ఒకాయామాలో జననం, పుల్‌స్టాపు. కొత్త లైను."

నిరసావా పెన్సిలు లైను కింద జారుతోంది. బడి, కాలేజీ, మొదటి కథ వచ్చాయి.

"తైషో పదమూడు, కామా, ఫుసాతో వివాహం... పన్నెండండీ ఇది."

"ఆయన పదమూడన్నారు."

"పన్నెండే. భూకంపం వచ్చిన ఏడు. పెళ్ళయిన నాలుగు నెలలకి భూకంపం."

"అవునా?" అన్నాడు ఉచిబోరి కిటికీ దగ్గర్నుంచి. "అయితే పన్నెండే వెయ్యి. అన్నీ ఆమెకే తెలుసు."

ఇంకో రెండుచోట్ల ఆయన చెప్పిన ఏళ్ళు తప్పాయి. మొదటి నవల పేరు సగమే చెప్పాడు. కియో దిద్దుతూ పోయింది, ఆయన అక్కడ్నుంచే సరేననుకుంటూ పోయాడు. తన బతుకు ఎవరైనా పైకి చదువుతుంటే వినడం ఆయనకి హాయిగా ఉన్నట్టుంది. కళ్ళు అరమోడ్చి కేకు నములుతున్నాడు. షోవా పదమూడు వచ్చింది. కాగితం మీద ఆ ఏట చావు లేదు. కియో ఆగకుండా చదివింది. పద్నాలుగు, పదిహేను. పదహారు, పదిహేడు.

తర్వాతి లైను కనబడింది. 'పద్ధెనిమిది, పంతొమ్మిది: అనారోగ్యం, విశ్రాంతి.'

కియో ఆ కాగితం బోర్లా పెట్టింది. మూట విప్పి తన కార్డు తీసింది. నిన్న సాయంత్రం రాసిన కార్డు. దీనివల్ల ఏమీ ఒరగదని తెలుసు. నిరసావా దిద్దడని తెలుసు. అయినా ఒక్కసారి ఈ మనిషి చెవిన పడేలా పైకి చదవకుండా ఇక్కణ్ణుంచి కదలకూడదనుకుంది. గొంతు మార్చలేదు.

"షోవా పంతొమ్మిది, కామా, వసంతంలో, కామా, సైన్యం ప్రచారశాఖ కోరికపై 'మన గడపే మన కోట' రచన, పుల్‌స్టాపు."

"ప్రూఫులో అలా లేదు," అన్నాడు నిరసావా తలెత్తకుండా.

"చదువుతున్నాను, వినండి. బాంబులు పడ్డప్పుడు పౌరులు పారిపోరాదని బోధించే పుస్తకం, పుల్‌స్టాపు. ఇరవై వేల ప్రతులు..."

"ఎనభై వేలు," అన్నాడు ఉచిబోరి.

కళ్ళు ఇంకా అరమోడ్పుగానే ఉన్నాయి. నోట్లో కేకు ముక్క ఉంది.

"ఇరవై వేలు మొదటి ముద్రణ మాటమ్మా. వేసవిలో ఇంకో రెండు వేశారు. మొత్తం ఎనభై. ఆ రోజుల్లో కాగితం దొరకడమే గగనం, అయినా నా పుస్తకాల్లో దేనికీ అన్ని..."

అక్కడ ఆగాడు.

నిరసావా చేతిలోని పెన్సిలు అప్పటికే, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ, పక్క అంచున 80,000 అని ఎర్రగా రాసేసింది. పక్క బల్ల వాళ్ళిద్దరూ చదవడం మానేసి ఇటు చూస్తున్నారు. వాళ్ళలో చిన్నవాడు గోక్కోబోతున్న చెవి దగ్గరే చెయ్యి ఆపేశాడు.

ఉచిబోరి కేకు మింగాడు. మింగడానికి చాలాసేపు పట్టింది. "అంటే... అలా అచ్చయిందని తర్వాత ఎవరో చెప్పారు," అన్నాడు. "నేను మంచంలో..."

"'నా పుస్తకాల్లో' అన్నారండీ," అన్నాడు నిరసావా. ఆయన గొంతులో కసి లేదు, జాలీ లేదు. ప్రూఫు దిద్దేవాడి గొంతే. 'అనారోగ్యం, విశ్రాంతి' మీద ఎర్రగీత అడ్డంగా లాగాడు. ఓ క్షణం ఆగి, పై పేజీకి వెళ్ళి షోవా పదమూడు దగ్గర ఒక గుర్తు పెట్టాడు. "రికు గారి కార్డు ఉంచారా?"

"ఉంది. స్వగృహంలో, కామా, పక్షవాతం, కామా, మూడేళ్ళు కోడలు ఫుసా సేవ చేశాక, మరణం, పుల్‌స్టాపు."

"నిరసావా!" ఉచిబోరి లేచి నిలబడ్డాడు. పట్టు అంగీ మీది కేకు పొడి నేల మీద రాలింది. "ఇది నా పుస్తకం. నేను చెప్పింది వెయ్యాలి."

"మీరు చెప్పిందే వేస్తున్నానండి. ఎనభై వేలు." నిరసావా ఆయన వైపు చూడలేదు. "తర్వాతి లైను, హమనాకా గారూ."

కియో తర్వాతి కార్డు తీసింది. ఇన్ని రోజుల కోపాన్ని మింగలేదు, బయటికి వదల్లేదు. చదివే పద్ధతి ఒకటుంది, ఆ పద్ధతిలోనే చదివింది.

"షోవా ఇరవై, కామా, మార్చి పది, పుల్‌స్టాపు. పై పుస్తకాన్ని తోక్యో హొంజోలో పది ఇళ్ళవాళ్ళకి చదివి వినిపించిన హమనాకా షిగె, కామా, యాభై ఒకటి, కామా, మేజోళ్ళ కుట్టుపని, కామా, అందులో చెప్పినట్టే గడప దాటక మరణం, పుల్‌స్టాపు."

"ఈ సంపుటంలో ఆమెకేం పని?" ఉచిబోరి అరిచాడు. అరుపు సగంలోనే బొంగురుపోయింది. "ఆమె నాకేమవుతుంది?"

గదిలో అందరూ ఆ మాట విన్నారు. కియో మొదటిసారి కార్డు మీంచి తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఏమీ కాదు గురువుగారూ. అదే రాయమంటున్నాను."

ఆయన నిలబడే ఉన్నాడు. కూర్చోవడానికి కుర్చీ కోసం వెనక్కి చేత్తో తడుముకున్నాడు గానీ దొరకలేదు. నిరసావా పెన్సిలు తిప్పి కియో వైపు చాచాడు. "పేరు మీరే రాయండి. నేను రాస్తే తప్పు పడుతుంది."

కియో ప్రూఫు తన వైపు తిప్పుకుంది. ఎర్రపెన్సిలు గట్టిగా పట్టుకుని, కింద అక్షరాలు పేర్చే కంపోజిటరుకి ఏ అనుమానమూ రాకుండా పెద్ద అక్షరాలతో తల్లి పేరు రాసింది. రాసి ఓసారి పోల్చి చూసుకుంది. పెన్సిలు నిరసావాకి తిరిగిచ్చి, తర్వాతి కార్డు అందుకుంది.

"కొత్త లైను," అంది.